బ్లేడుతో గీకిన పేరు

ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ కిందట చచ్చిపోయిన ఇంగ్లీషు దొరల పేర్లు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. మా అత్తగారిని కన్నతల్లి పేరేమిటో మాత్రం తెలియదు. ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పేరని ఎవరికీ అనిపించలేదు.

కువైట్ గొడవ సద్దుమణిగిన ఏడాది నేను విజిట్ వీసా మీద మస్కట్ వచ్చాను. మా ఆయన అల్ ఖువైర్‌లో ఒక కన్సల్టింగ్ కంపెనీలో ట్రేసర్. ఇంజనీర్లు పెన్సిల్‌తో గీసిన ప్లాన్లను ట్రేసింగ్ పేపరు మీద నల్ల సిరాతో తేటగా ఎక్కించడం ఆయన పని. మొగుడి పేరు నోటితో అనకూడదని మా అమ్మ నన్ను పెంచింది. ఇక్కడ మాత్రం భూమేశ్ అనే రాస్తాను. అంత మర్యాద ఇక అక్కర్లేదు.

వాడి కబీర్ అనే పేటలో రెండు గదుల ఫ్లాటు. ఒక గదిలో మేము, ఇంకో గదిలో కడప నుంచి వచ్చిన నఫీసా, ఆమె భర్త. ఆయన మా కంపెనీలోనే డ్రైవరు. వంటిల్లు ఇద్దరిదీ. కిటికీ తెరిస్తే ఎదురుగా గడ్డిపోచ మొలవని కొండ, కింద గ్యారేజీలు, పొద్దున్నే వరుసగా ఇండియన్ స్కూలు బస్సులు. ఆ బస్సులు చూడడానికే నేను పెందలాడే లేచేదాన్ని. మా రజితకు అప్పుడు పదేళ్ళు. సిరిసిల్లలో మా అమ్మ దగ్గర వదిలి వచ్చాను. రెండు జడలు వేసుకొని, మెడలో నీళ్ళసీసా తగిలించుకొని బస్సెక్కే ప్రతి పిల్లలోనూ నాకు రజితే కనబడేది. దాన్ని ఆ బస్సెక్కించాలి. నేను మస్కట్ వచ్చింది అందుకే, చమురు దేశం చూసి మురిసిపోవడానికి కాదు.

కంపెనీలో ఫ్యామిలీ స్టేటస్ అని ఒకటుండేది. ట్రేసర్ కాస్తా డ్రాఫ్ట్స్‌మన్ అయితే భార్యకూ, ఒక్క బిడ్డకూ వీసా, విమానం టికెట్టు, స్కూలు ఫీజు కంపెనీయే ఇస్తుంది. అంతకంటే ఎక్కువమంది ఉంటే సొంతంగా భరించుకోవాలి. మా ఆయన జీతంలో అది అయ్యే పని కాదు. మాకున్నదే ఒక్కతి కదా, ఇక పేచీ ఏముందిలే అనుకున్నాను. గ్రేడు పెంచాల్సిందీ, సంతకం పెట్టాల్సిందీ చీఫ్ ఇంజనీరు హార్వెల్. భూమేశ్ ఆయన్ని సారు అనేవాడు. నేను ఇంట్లో దొర అనేదాన్ని. ఆ మాట అన్నప్పుడల్లా మా ఆయన గోడలకు చెవులున్నట్టు అటూ ఇటూ చూసేవాడు.

హార్వెల్ దొరకు వంశం పిచ్చి. రేపో మాపో రిటైరై ఇంగ్లండు వెళ్ళిపోయే మనిషి. ఆయన పూర్వీకులు మామూలు ఇంగ్లీషువాళ్ళు కాదట. ఫ్రాన్సు ఒడ్డున నార్మండీ అనే చోటి నుంచి ఓడలెక్కి వచ్చి, ఇంగ్లండును గెలిచి, ఊళ్ళకు ఊళ్ళు పంచుకున్నవాళ్ళట. అందులో గియోమ్ డి హార్వల్ అనేవాడు మొదటివాడు. హార్వల్ పోనుపోను హార్వెల్ అయిందట. దొరగారు సెలవుల్లో పోయి పాత దస్తావేజులు తిరగేసి, చర్చిల్లో సమాధిరాళ్ళ మీది అక్షరాలు దించుకొని, ఒక సంచెడు కాగితాలు పోగేశాడు. వాటన్నిటినీ ఒక పెద్ద షీటు మీద చెట్టులా గీయించి, ఫ్రేము కట్టించి, వీడ్కోలు పార్టీలో అందరికీ చూపించాలని ఆయన కోరిక. ఆ పని భూమేశ్ నెత్తిన పడింది. ఆఫీసు టైములో కాదు సుమా, శుక్రవారాలు ఇంటి దగ్గర. "మీ ఫ్యామిలీ విషయం నా మనసులో ఉంది" అన్నాడట దొర. ఆ ఒక్క మాట పట్టుకొని మా ఆయన డ్రాఫ్టింగ్ బోర్డు బుజాన వేసుకొని ఇంటికొచ్చాడు.

వంశం చెప్పించుకోవడం మాకేమీ కొత్త కాదు. మా పద్మశాలీ ఇళ్ళకు కూనపులివాళ్ళు పటం పట్టుకొని వచ్చేవారు. బొమ్మల గుడ్డ విప్పి, కథ చెప్పి, చివర ఆ ఇంటి వంశం పాడేవారు. ఫలానా వాని కొడుకు ఫలానా, వాని కొడుకు ఫలానా. మా పెళ్ళయిన కొన్నేళ్ళకు మా అత్తగారింటికి వచ్చారు. పాట మా మామగారి దాకా వచ్చింది, తర్వాత మా ఆయన దగ్గరికి వచ్చింది. అక్కడ పాడే ముసలాయన ఆపి, నా ఒళ్ళో కూర్చొని గాజులతో ఆడుకుంటున్న రజితను చూసి, మా మామగారిని చూశాడు.

"కొమ్మ ఇక్కడ్నే ఆగింది పటేలా. ముంగటికి పాడాల్నంటె మగపేరు గావాలె."

పటం చుట్టేశాడు. మా అత్తగారు కొంగు నోటికడ్డం పెట్టుకొని లోపలికి పోయింది. రజిత పుట్టినప్పుడే నాకు గర్భసంచి తీసేశారు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. ఆ పూట మామగారు అందరి ముందే అన్నాడు.

"పెద్దోనికి ముగ్గురు కొడుకులాయె. ఒగన్ని సాదుకోరాదుర భూమేశూ."

"నా బిడ్డ లేదా?" అన్నాను నేను.

"బిడ్డ ఇంకోలింటిదే పిల్లా" అన్నాడాయన. కోపంగా కూడా అనలేదు. పొద్దు పడమట గుంకుతుందని చెప్పినట్టు చెప్పాడు. భూమేశ్ అప్పుడేమీ మాట్లాడలేదు. మాట్లాడలేదు కాబట్టి నా వైపే ఉన్నాడనుకున్నాను. ఎంత వెర్రిదాన్నో!

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. మా మామగారి తాత ఆ ఇంటికి ఇల్లరికం వచ్చినవాడు. కానీ కూనపులివాళ్ళ పాటలో ఆయన ఆ ఇంటి కొడుకే. అల్లుడని పాడరు. ఆయన్ని ఆ ఇంటికి తెచ్చిన ఆడమనిషి పాటలోనే లేదు. అదే మా పద్ధతి. చిన్నప్పటి నుంచి ఆ పాట వింటూ పెరిగిన మనిషి చేతికి హార్వెల్ దొర తన చెట్టును ఇచ్చాడు.

శుక్రవారం పొద్దున టీ తాగి మొదలుపెట్టేవాళ్ళం. బోర్డు కింద రెండు దిండ్లు పెట్టి, షీటు పరిచి, టేపు అంటించి, భూమేశ్ పద్మాసనం వేసుకొని కూర్చునేవాడు. దొర చేతిరాత కోడి గీకినట్టుండేది. సిరిసిల్లలో ప్రైవేటు బడిలో నేను ఇంగ్లీషు చెప్పేదాన్ని కాబట్టి కాగితాలు చదివి పేర్లు చెప్పడం నా వంతు. గియోమ్ కొడుకు రాబర్ట్, రాబర్ట్ కొడుకు ఇంకో గియోమ్, వాడి కొడుకు వాల్టర్. నేను చదువుతుంటే మా ఆయన స్టెన్సిల్ పెట్టి ఒక్కో అక్షరం దించేవాడు. ఊపిరి బిగబట్టి దించేవాడు. నిజం చెప్పొద్దూ, ఆ చేతిపని చూస్తే ముచ్చటేసేది. అంత ఓపికగా నా వైపు ఒక్కనాడైనా చూశాడా అనీ అనిపించేది.

దొరగారి సంచిలో వాల్టర్ గురించిన కాగితాలు చాలా ఉన్నాయి. వాల్టర్‌కు మగపిల్లలు లేరు. ఒక్కతే కూతురు, ఆలిస్. తండ్రి పోయేనాటికి చిన్నపిల్ల. తండ్రి అలా పోయాడో లేదో చిన్నాన్న వచ్చి కోటలో బైఠాయించాడు. ఆడపిల్లకు భూమేమిటి, వంశం నాది అన్నాడు. ఆ పిల్ల పెరిగి పెద్దదై రాజుగారి కోర్టులో దావా వేసింది. ఆ ఊరికీ ఈ ఊరికీ ఏళ్ళ తరబడి తిరిగింది. చిట్టచివరికి చిన్నాన్నను లేపి పంపి, భూమి తన పేరిట చేయించుకుంది. వాళ్ళింట్లో లెక్కలు చూసే గుమాస్తా కొడుకు థామస్‌ను పెళ్ళి చేసుకుంది. థామస్ తన ఇంటిపేరు వదిలి ఆమె ఇంటిపేరు పెట్టుకున్నాడు. హార్వెల్ దొర వాళ్ళంతా ఆ ఇద్దరి సంతానం.

ఆ కాగితం నేను చాలాసార్లు చదివాను. వంట చేస్తూ చదివాను, పక్క దులుపుతూ చదివాను. నఫీసాకు తెలుగులో చెప్పాను.

"అబ్బ! ఆడిది ఎంత గుండెదో సూడు" అంది నఫీసా, చపాతీ పిండి చేతులతోనే.

షీటు పూర్తయింది. శనివారం భూమేశ్ దాన్ని ఆఫీసుకు తీసుకెళ్ళి, అమ్మోనియా మెషిన్‌లో ప్రింటు తీసి దొర చేతికిచ్చి, ఒరిజినల్ చుట్టుకొని ఇంటికి తెచ్చాడు. చాపేసి పరిచి చూశాను. ముత్యాల్లాంటి అక్షరాలు. పైనుంచి వేలు పెట్టి చదువుకుంటూ వచ్చాను. వాల్టర్ కింద గీత. గీత కింద థామస్. థామస్ వాల్టర్ కొడుకైపోయాడు.

"ఆలిస్ ఏది?" అన్నాను.

"ఎవలు?"

"ఆలిస్. వాల్టర్ బిడ్డ. థామస్ అల్లుడు గదా, కొడుకెట్లయిండు?"

"ఇల్లరికం వచ్చినోడు కొడుకే గదనే" అన్నాడు భూమేశ్. నిజంగానే అతనికి అందులో తప్పేమీ కనబడలేదు. "ఇంటిపేరు గూడ పెట్టుకున్నడు. ఇగ ఆడిపిల్లను రాసి ఏం జేస్తం? షీటుల జాగా గూడ లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "జాగా లేదా? ఆ పిల్ల కోర్టుల పొంటి తిరగకపోతే మీ సారుకు ఇంటిపేరే లేకపోవు. ఆయన కాయితాలు ఆయనే రాసుకున్నడు. రేపు సూసి మొహం మీద కొడితే గ్రేడు ఎట్లిస్తడు?"

గ్రేడు మాట వినగానే మా ఆయన షీటు చుట్టి మూలన పెట్టాడు. ఆ వారమంతా అన్నం సయించలేదు. శుక్రవారం రాగానే థామస్ పేరును కొద్దిగా పక్కకు జరిపి, వాల్టర్ కింద ఆలిస్ పేరు దించి, ఇద్దరి మధ్య పెళ్ళిగుర్తుగా రెండు గీతలు గీశాడు. ఆ 'ఎ' అక్షరం దించేటప్పుడు నేను పక్కనే కూర్చున్నాను. సిరా ఆరేదాకా అక్కడినుంచి లేవలేదు.

మర్నాడు రెండో ప్రింటు పట్టుకొని, తప్పయింది సారూ అని చెప్పుకోవడానికి దొర గదిలోకి వెళ్ళాడట. దొర రెండు ప్రింట్లూ టేబుల్ మీద పక్కపక్కన పరిచాడట. చాలాసేపు చూశాడట. చివరికి దొర మొదటి దాని మీద వేలు పెట్టి, ఇది చక్కగా, సూటిగా ఉంది, ఇట్లాగే ఉంచు అన్నాడట.

"సారు ఖుషీ అయిండే" అంటూ భూమేశ్ ఇంటికొచ్చాడు. చెప్పుల కాళ్ళతోనే లోపలికొచ్చేశాడు. "సీదా వోయింది, బాగుంది అన్నడు. నువ్వే ఊకె బుగులు వెట్టినవ్."

నాకు అర్థమైంది. థామస్ గుమాస్తా కొడుకు. ఆలిస్ ఉంటే హార్వెల్ దొర ఒక గుమాస్తాకు మనవడు. ఆలిస్‌ను తీసేస్తే నిఖార్సైన నార్మన్ రక్తం, తండ్రి నుంచి కొడుక్కి, ఎక్కడా మలుపు లేకుండా. సిరిసిల్ల సాలెవాడి పొరపాటు లండన్ దొరకు వరమైంది. చదువు వేరు, రంగు వేరు, దేశం వేరు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ ఒక తల్లి బిడ్డలు.

ట్రేసింగ్ పేపరు మీద సిరా చెరపాలంటే రబ్బరు పనికిరాదు. గడ్డం గీసుకునే బ్లేడును కొద్దిగా వంచి, కాగితం చిరగకుండా పైపైన గీకాలి. ఆ శుక్రవారం భూమేశ్ ఆలిస్‌ను అట్లా గీకేశాడు. నల్లటి పొడి లేచింది. ఉఫ్ అని ఊదాడు. గీకిన చోట కాగితం గరుకెక్కితే గోటితో నునుపు చేసి, థామస్‌ను మళ్ళీ వాల్టర్ కిందికి తెచ్చాడు. నేను వంటింట్లోకి పోయి గిన్నెలు విసిరినట్టు తోమాను. అయినా నోరు మూసుకున్నాను. దొర చెట్టు దొర ఇష్టం. ఎవరి తాతలను ఎవరు ఏం చేసుకుంటే నాకేం, నా బిడ్డ బస్సెక్కితే చాలు. అప్పుడట్లా అనుకున్నాను.

గ్రేడు వచ్చింది. భూమేశ్ డ్రాఫ్ట్స్‌మన్ అయ్యాడు. ఫ్యామిలీ కాగితాలు పెట్టానన్నాడు. నేను ఆ పూటే ఫోన్ బూత్‌కి పోయి సిరిసిల్లలో పక్కింటివాళ్ళ నంబరుకు చేసి రజితను పిలిపించాను. జూన్‌లో ఇక్కడి బడిలో చేర్పిస్తామన్నాను. అది పెట్టిన కేకకు ఫోన్ చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది. తెల్లారి క్లాసులో అందరికీ చెప్పుకుందట. బడివాళ్ళ దగ్గర టీసీ కూడా తీసుకుందట. భూమేశ్ బూత్ బయటే నిలబడి ఉన్నాడు, లోపలికి మాత్రం రాలేదు. పైసలు అయిపోతాయని రాలేదేమో అనుకున్నాను.

దొర వీడ్కోలు పార్టీ కురుంలో ఆయన విల్లాలో జరిగింది. చెట్టు గీసిన మనిషని భూమేశ్‌నూ నన్నూ పిలిచారు. నేను నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకున్నాను. మా ఆయన నఫీసా భర్త దగ్గర కోటు అడిగి తొడుక్కున్నాడు. చేతులు పొట్టయ్యాయి. హాల్లో గోడ మీద, మంచి వెలుతురులో, బంగారు రంగు ఫ్రేములో చెట్టు వేలాడుతోంది. గ్లాసులు పట్టుకున్న తెల్లవాళ్ళంతా దాని ముందు గుమిగూడారు. హార్వెల్ దొర గియోమ్ దగ్గర మొదలుపెట్టి ఒక్కో పేరూ వేలితో చూపిస్తూ దిగుతున్నాడు. వాల్టర్ మీది వేలు తిన్నగా థామస్ మీదికి జారింది. నోట్లో నాలుక తడబడలేదు.

తర్వాత మా దగ్గరికి వచ్చాడు. నాతో ఇంగ్లీషులో నెమ్మదిగా, చిన్నపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"మీవారు గొప్ప పనివాడు. ఈ పొద్దున్నే మీ కాగితాల మీద సంతకం పెట్టాను. మీ అబ్బాయి ఇక్కడి బడిలో సంతోషంగా ఉంటాడు."

"మాకు అబ్బాయి లేడు సార్" అన్నాను. "అమ్మాయి. పేరు రజిత."

దొర భూమేశ్ వైపు చూశాడు. భూమేశ్ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"దత్తపుత్రుడు సార్" అన్నాడు. "మా అన్న కొడుకు. నరహరి."

"ఓ, మంచిది. తెలివైన పని చేశావు" అన్నాడు దొర, తృప్తిగా తల ఊపుతూ.

బూత్ బయట అతనెందుకు నిలబడ్డాడో అప్పుడు తెలిసింది. నేను మస్కట్ రాకముందు భూమేశ్ సెలవులో ఊరికొచ్చినప్పుడే మామగారు నన్నడగకుండా పెద్దమనుషులను కూర్చోబెట్టి దత్తత రాయించారట, పాస్‌పోర్టుకు కూడా పెట్టారట. నాకు తప్ప అందరికీ తెలుసు. ఆ ఒక్క బిడ్డ జాగాలో నా బిడ్డను తీసేసి ఇంకొకడిని కూర్చోబెట్టారు. ఇంత జరిగాక నోరు మూసుకోవడం నా వల్ల కాలేదు.

"మీ థామస్‌లాగానా సార్?" అన్నాను.

మాట కొంచెం గట్టిగానే వచ్చింది. నలుగురు తిరిగి చూశారు. నేను గోడ దగ్గరికి పోయి ఫ్రేము మీద వేలు పెట్టాను.

"థామస్ వాల్టర్ కొడుకు కాదు, అల్లుడు. మీరు రాసిన కాగితాలే నేను చదివాను. ఈ ఇద్దరి మధ్య ఆలిస్ ఉండాలి. భూమి గెలిచింది ఆమె. మీ ఇంటిపేరు ఆమెది. ఆమెను మా ఆయన బ్లేడుతో గీకేశాడు, మీరు గీకమన్నారు."

ఆ క్షణంలో ఏదో పెద్దగా జరుగుతుందనుకున్నాను. ఫ్రేము ఊడి పడుతుందని కాదు గానీ, ఒక్క మొహమైనా ఎర్రబడుతుందనుకున్నాను. తెల్లమీసాల మిలిటరీ ఆయన ఒకాయన ఫ్రేము దగ్గరికి వంగి చూసి పెద్దగా నవ్వాడు.

"మా ఇంట్లో ఇలాంటివి మూడున్నాయి హార్వెల్! చెట్టన్నాక కొమ్మలు నరకకుండా ఎలా?"

అందరూ నవ్వారు. దొర కూడా నవ్వాడు. ఆయన నవ్వులో ముల్లు కూడా లేదు. దొర భార్య వచ్చి నా చేయి పట్టుకొని, మీ చీర రంగు ఎంత బాగుందో అంది. ఒకబ్బాయి పళ్ళెంలో సమోసాలు తెచ్చాడు. మళ్ళీ మాటలు మొదలయ్యాయి, వర్షాలు లేవనీ, విమానం టికెట్ల ధరలు పెరిగాయనీ. నేను ఆ గోడ దగ్గర సమోసా పట్టుకొని నిలబడ్డాను. నా జన్మలో నాకంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు. తప్పు చేసింది వాళ్ళు, తల కొట్టేసినట్టయింది నాకు.

ఇల్లు చేరగానే భూమేశ్ కోటు విప్పి మంచం మీద కొట్టాడు.

"నా ఇజ్జత్ దీసినవ్ గదనే! గ్రేడు ఇచ్చిన మనిషి ముంగట!"

"నా బిడ్డ సంగతి చెప్పు."

"బిడ్డకేమైతది? ఆడిపిల్ల సదువు సిరిసిల్లల గూడ అయితది. నరహరి ఇంగ్లీషు మీడియం సదివితే రేపు మనల్ని అరుసుకుంటడు. నేను సచ్చినంక నా పేరు జెప్పెటోడు ఒకడుండాల్నా వద్దా? బాపుకు మాటిచ్చిన."

"రజిత నీ పేరు జెప్పదా?"

"దాని పిల్లలు ఇంకోలి పేరు జెప్తరు" అన్నాడు. "నువ్వు తల్లివి. ఎవలొచ్చినా అన్నం వెట్టుడే గద నీ పని. ఆ పోరనికి వెట్టు."

అతను చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు, సంపాదించిందంతా ఇంటికే పంపుతాడు. అదే నాకు కడుపు మంట. చెడ్డవాడైతే నలుగురిలో పెట్టి కడిగేసేదాన్ని. ఈ మంచి మనిషి మంచిగానే నా బిడ్డను తుడిచేశాడు.

మర్నాడు నఫీసా వంటింట్లో నా మొహం చూసి పొయ్యి కట్టేసింది. గోడలు పల్చన, అన్నీ విన్నట్టుంది.

"ఒగ మాట సెప్తా ఇనుకో రాజేశ్వరమ్మా" అంది. "పిల్లోని వీసా తల్లి వీసాకు తగిలించి ఉంటాది ఈ కంపెనీలో. తల్లి రాకపోతే పిల్లోన్ని ఈ దేశంలోకి రానీరు. మా ఆయన ఇట్లాంటి కాయితాలు శానా మోసినాడు. నువ్వు ల్యాకుండా ఆ పిల్లోడు రాలేడు. నువ్వొస్తేనే వాడొచ్చేది."

నా విజిట్ గడువు దగ్గర పడింది. నేను సిరిసిల్ల పోయి, కొత్త వీసాలు రాగానే నరహరిని వెంటబెట్టుకొని రావాలని భూమేశ్ ఏర్పాటు. నేను సరేనని కూడా అనలేదు, కాదని కూడా అనలేదు. అతను దాన్ని సరే కిందే లెక్కగట్టుకున్నాడు. నరహరికని బూట్లు, నీలంరంగు బడిసంచి కొని నా పెట్టెలో సర్దాడు. రజితకని ఒక బొమ్మ కూడా కొన్నాడు. లేదని ఎందుకు చెప్పాలి, కొన్నాడు.

సీబ్ విమానాశ్రయంలో సామాను ఇచ్చేశాక చెప్పాను.

"నరహరిని నేను తీస్కరాను. రజిత పేరు రాయించు, మర్నాడే వస్త. అది రాకుంటే నేను రాను. నేను రాకుంటే వాడు రాడు."

భూమేశ్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సారు సంతకం జేసినంక మల్ల ఎట్ల మార్పియ్యమంటనే? ఏ మొహం వెట్టుకొని అడగాలె?"

"బిడ్డ తండ్రి మొహం వెట్టుకొని అడుగు" అన్నాను.

అడగలేదు. దొర ఉన్నన్నాళ్ళు భయమేసి అడగలేదు, దొర వెళ్ళిపోయాక కొత్తగా వచ్చినాయన ఎవరో తెలియక అడగలేదు. మామగారు నరహరిని తీసుకుపొమ్మని మనుషులను పంపాడు, తర్వాత ఆయనే వచ్చి మా అమ్మ వాకిట్లో కూర్చొని తిట్టిపోశాడు. నేను కదల్లేదు. గడువు దాటి వీసాలు రెండూ మురిగిపోయాయి. నరహరీ పోలేదు, నేనూ పోలేదు. భూమేశ్ ఈ రోజుకీ ఆ ఫ్లాటులో ఎవరెవరితోనో గది పంచుకొని వండుకు తింటున్నాడు. దాన్ని గెలుపంటారో ఏమంటారో నాకు తెలియదు. నా బిడ్డ మాత్రం ఆ బస్సెక్కలేదు.

నేను దిగిన రోజు రజిత బస్టాండుకే వచ్చింది. రిక్షాలో నా పక్కన కూర్చొని, టీసీ తీసుకున్నాననీ, పుస్తకాలన్నీ స్నేహితులకు పంచిపెట్టేశాననీ చెప్పింది. మనం ఎప్పుడు పోతామంది. పోవడం లేదన్నాను. ఇల్లు కనబడుతుండగా అడిగింది.

"బాపు నన్ను రమ్మనలేదా అమ్మా?"

తెల్లవాళ్ళు నిండిన హాల్లో నిజం చెప్పిన నోరు ఇది. దాని కళ్ళలోకి చూసి చెప్పలేకపోయింది. నీ తండ్రికి నువ్వు అక్కర్లేదు బిడ్డా అని పదేళ్ళ పిల్లకు ఏ తల్లి చెబుతుంది?

"రమ్మన్నడు" అన్నాను. "నేనే వద్దన్న. నాకా ఎండ పడలేదు."

అది నమ్మింది. ఇప్పుడు దానికి పదిహేడేళ్ళు. మస్కట్ నుంచి ఫోన్ వస్తే పరుగెత్తుకుపోయి ఎత్తుతుంది. బాపూ బాపూ అని గలగలా మాట్లాడుతుంది. నేను పిలిస్తే మాత్రం ఒక పిలుపుకు పలకదు. ఇంటర్ ఫీజు కట్టడానికి ఇబ్బందైన ప్రతిసారీ, ఎండలో బస్సు కోసం నిలబడి వచ్చిన ప్రతిసారీ, చేతిలో పుస్తకాలు బల్ల మీద పడేసి అదే మాట అంటుంది.

"బాపు తీస్కపోతనన్నడు. నీ వల్లనే నా బతుకు గిట్లయింది."

"అవును బిడ్డా, నా వల్లనే" అంటాను. అన్నం వడ్డిస్తాను.